సంవత్సరాలతో తెరిచే తాళాలు

పిల్లి అని పేరుపడ్డ దొంగ చదువుకోవడానికి రీడింగ్ హాల్లో చేరాడంటే నమ్మినది ప్రపంచం మొత్తమ్మీద వాడి భార్య ఒక్కతే.

"మా ఆయన పోటీ పరీక్షలకి చదువుతున్నాడు" అని ఆవిడ వీధంతా చెప్పుకు తిరుగుతోంది. పాత బుద్ధులు మానకపోతే పుట్టింటికి పోతానన్న మనిషి, ఇప్పుడు పొద్దున్నే లేచి క్యారేజీ కట్టి పంపుతోంది. అది విప్పినప్పుడల్లా పిల్లి, ఈ ఒక్కసారికే, తర్వాత మానేస్తానని తనకు తానే ఒట్టు పెట్టుకునేవాడు.

వాడి కన్ను పుస్తకాల మీద లేదు, ఫోన్ల మీద ఉంది. ఆ హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. మెట్ల కింద లాకర్లలో పెట్టి, నాలుగంకెల తాళం వేసుకుని పైకి వెళ్ళాలి. పక్కవీధి హాల్లో ఎవడో మొద్దు దొంగ లాకర్లు పగలగొట్టి ఊరంతా గోల చేసి పోయాడు. పిల్లి అలాంటి మోటు పని చెయ్యడు. అలికిడి లేకుండా పని కానిస్తాడనే కదా వాడికా పేరొచ్చింది!

చేరిన కొద్దిరోజులకే అదృష్టం కలిసొచ్చింది. పక్కనున్న కళ్ళద్దాల కుర్రాడు 1930 అని తిప్పి తాళం తీశాడు. మర్నాడు ఒకమ్మాయి 1942 తిప్పింది. విషయం అర్థమై పిల్లికి నవ్వాగలేదు. రేయింబవళ్ళు స్వాతంత్ర్యోద్యమం బట్టీపట్టేవాళ్ళకి నాలుగంకెలు అనగానే ఇంకేం గుర్తొస్తాయి పాపం!

దాంతో వాడు నిజంగానే చదువు మొదలుపెట్టాడు. గురువుగా సీనియరక్కని పట్టుకున్నాడు. ఎన్ని పరీక్షలు తప్పిందో ఏమో, హాల్లో అందరికన్నా వయసులో పెద్దది కాబట్టి ఆవిడకా పేరు స్థిరపడింది. ఎవరేమడిగినా విసుక్కోకుండా చెప్పేది.

"అక్కా, ఉప్పు సత్యాగ్రహం ఎప్పుడు?"

"ముప్పైలో. అసలు ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారంటే..."

"అది తర్వాత చెబుదువుగాని. సహాయ నిరాకరణ?"

"ఇరవైలో. దాన్ని మధ్యలో ఎందుకు ఆపేశారంటే..."

"వద్దక్కా, బుర్ర వేడెక్కిపోతుంది. కాంగ్రెస్ పుట్టిందెప్పుడు?"

అక్క నవ్వి, అదీ చెప్పింది.

ఆదివారం పైన మాక్ టెస్టు పెట్టారు. అందరూ తల వంచుకుని రాస్తుంటే, కడుపునొప్పని చెప్పి పిల్లి కిందికి దిగాడు. 1930కి, 1942కి చెరొకటి, 1857కి ఒకటి, 1885కి ఒకటి, 1920కి రెండు లాకర్లు టకటకా తెరుచుకున్నాయి. ఇంత లాభముందని తెలిస్తే బడిలోనే చరిత్ర శ్రద్ధగా చదివి ఉండేవాణ్ణి కదా అని తెగ బాధపడ్డాడు. ఫోన్లు క్యారేజీ సంచిలో వేసేటప్పుడు మాత్రం, ఇదే ఆఖరని ఇంకోసారి ఒట్టు పెట్టుకున్నాడు.

చివరిది సీనియరక్క లాకరు. 1857 తిప్పాడు. ఊహూఁ. 1942 తిప్పాడు. ఊహూఁ. నేర్చుకున్న సంవత్సరాలన్నీ అయిపోయాయి. 1947 కూడా తిప్పి చూశాడు. తాళం ఉలకదు, పలకదు. అంత చదివిన మనిషి కదా, ఎవరికీ తెలియని సంవత్సరమేదో పెట్టుకుని ఉంటుందనుకున్నాడు.

"రావట్లేదా తమ్ముడూ?"

వెనక అక్క నిలబడి ఉంది. పిల్లి చేతిలోంచి సంచి జారిపోయింది.

"అందరూ ఎందుకు, ఎక్కడ, ఎవరు అని ప్రాణం తీస్తారు. నువ్వొక్కడివే ఎప్పుడు అని తప్ప ఇంకో మాట అడగలేదు. పరీక్ష రాసేవాడు అలా చదవడు తమ్ముడూ."

పిల్లి రెండు చేతులూ జోడించాడు. "వదిలెయ్ అక్కా! నాకు ఉద్యోగమొస్తుందని మా ఆవిడ వీధంతా చెప్పుకుంది. ఇప్పుడు దాని మొహం ఎలా చూడను? పరీక్షలు రాసేదానివి, ఆ బాధ నీకు తెలియంది కాదు."

"ఎందుకు తెలియదు? నేనూ రాశాను. పోయినేడే ఉద్యోగం కూడా వచ్చేసింది. పక్కవీధిలో లాకర్లు పగిలాక, ఆ ఉద్యోగమే నన్నిక్కడ కూర్చోబెట్టింది."

అక్క ముందుకొచ్చి, నాలుగంకెలు తిప్పి తాళం తీసింది.

"ఇది ఏ ఉద్యమంలోనూ దొరకదు తమ్ముడూ, నా కానిస్టేబులు నంబరు!"