మూడో టూల్

"ఏందమ్మా గిది? పిల్లగాని వయసు ఐదున్నర, ఎత్తు ఇరవై తొమ్మిదా?"

గోపయ్య కాగితాన్ని బల్ల మీద కొట్టాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పెళ్లిసంబంధాల ఆఫీసుకు మంచి పేరుంది. ఆ పేరు నిలబెట్టాల్సింది ఇప్పుడు సింధూర. ఆమె ఖర్మ!

హయత్‌నగర్, వనస్థలిపురం బ్యూరోల కంప్యూటర్లు రోజూ జేసన్ ఫైళ్లలో, అంటే గడికో పేరు పెట్టి కామాలతో విడదీసిన వరసల్లో, సంబంధాల వివరాలు పంపుతాయి. వాటిని విడదీసి లిస్టు చేసే సాఫ్ట్‌వేర్ టూల్‌ను వెతకడం సింధూర పని. చేరి రెండు నెలలైంది. ఇంకా పర్మనెంటు కాలేదు.

మొదటి టూల్ మహా నిక్కచ్చి. ఎక్కడో ఒక్క కామా లేదని నాలుగొందల మంది పెళ్లికొడుకులను ఒక్క దెబ్బకు అవతల పారేసింది. రెండోది మరీ మెతక. ఏది పెడితే అది మింగేసింది. గోత్రం గడిలో బీటెక్ అని ఉన్నా సరేనంది. దాని పుణ్యమా అని ఒకే గోత్రం వాళ్లకు పెళ్లిచూపులు జరిగిపోయాయి! రెండు కుటుంబాలూ ఆఫీసుకొచ్చి గోపయ్యను దులిపేసి వెళ్లాయి.

"జర మంచి టూల్ చూడు. శుక్రారం లిస్టు గిట్లనే ఒస్తే నువ్వు వేరే నౌకరి చూస్కో," అన్నాడు గోపయ్య.

ఈ ఉద్యోగం కోసం సింధూర ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగింది మరి. ఆ సాయంత్రం ఫైళ్లన్నీ ఎల్బీనగర్‌లోని ఇంటికి పట్టుకుపోయింది.

శుక్రవారం లిస్టు కడిగిన ముత్యంలా వచ్చింది. వయసు వయసులో, ఎత్తు ఎత్తులో. పైగా పక్కన గమనికలు! 'ఈ అబ్బాయీ, పదిహేడో నంబరు అబ్బాయీ ఒక్కరే. పేరు మార్చారు.' 'ఇతనికి కిందటేడే పెళ్లయింది.' 'ఈ ఇంటిపేరు వాళ్ల గోత్రం ఇది కాదు. మళ్లీ కనుక్కోండి.'

గోపయ్య నోరెళ్లబెట్టాడు.

"వారెవ్వా! గిదంత టూలే పట్టిందా?"

"అవును సార్. ఇంటిపేర్లు, గోత్రాలు అన్నీ అందులో ముందే ఉన్నాయండి."

"నీ నౌకరి పక్కా పో! రేపటి సంది గా టూల్ ఆఫీసులనే ఉండాలె."

"అది ఇంట్లో తప్ప కుదరదేమో సార్..." అంది సింధూర.

"గదంత నాకు తెల్వద్. ఎట్లనన్న తీస్కరా."

మర్నాడు పదింటికి ఆఫీసు ముందు ఆటో ఆగింది, కళ్లజోడు సర్దుకుంటూ అందులోంచి సింధూర అత్తగారు హనుమాయమ్మ దిగారు.