కోఠి సారూ, కోడిపుంజూ

తలుపు సందులోంచి తల దూర్చి అటెండర్ బాలరాజు, “సార్, కోఠొచ్చింది” అన్నాడు. అన్నాడని దేవప్రసాద్‌కి వినబడింది.

పొద్దుటినుంచీ ఆయన చెవుల నిండా కోఠీయే మరి. అబిడ్స్ బీమా ఆఫీసులో మేనేజరు దేవప్రసాద్ రైతుల దగ్గర మూటలు పుచ్చుకుంటున్నాడని ఎవరో కోఠిలోని పెద్దాఫీసుకి ఉప్పందించారు. ఆయన ఒక్క ఉల్లిగడ్డ కూడా పుచ్చుకున్న పాపాన పోలేదు. అయినా విచారణకి విజిలెన్స్ అధికారి రాధాకృష్ణమూర్తి ఇవాళే వస్తున్నారు. పిసరంత దొరికినా చాలు, కుర్చీ కిందనుంచి లాగేస్తారు. అందరికీ బీమా చేసి ధీమా ఇచ్చే మనిషి కుర్చీకి మాత్రం బీమా లేదు. జనానికి ఇది సస్పెన్స్, ఆయనకి సస్పెన్షన్.

దేవప్రసాద్ గబగబా చొక్కా సర్దుకుని, ‘ప్రభువా, నువ్వే దిక్కు’ అనుకుంటూ తలుపు బార్లా తీసి, నడుం దాకా వంగి, “దయచేయండి సార్” అన్నాడు.

ఎదురుగా కోడిపుంజు. అది కూడా మెడ వంచి ఆయన్ని ఎగాదిగా చూసింది.

తానన్నది కోడి గానీ కోఠి కాదని బాలరాజు గొణిగాడు. ఆ పుంజుని చంకలో పెట్టుకున్నది వీరమ్మ. మెదక్ వైపు పల్లెటూరు. ఆమె పక్కన రెండు మూటలు.

నిరుడు వానాకాలంలో ఆమెకి బీమా చేయించింది దేవప్రసాదే. అది కొత్తరకం బీమా. ఏదో ఒక్క పంటకి కాదు. నాలుగెకరాల్లో నలభై రకాలు కలిపి వేసుకునే చిన్న రైతులకి, చేను మొత్తం మీద వచ్చే రాబడికి. వాకిట్లో కోళ్లు కూడా లెక్కలోవే. అన్నీ కలిపి ఏడాది రాబడి తగ్గితే ఆ తగ్గింది కంపెనీ భర్తీ చేస్తుంది. తగ్గకపోతే ఎవరి దారి వారిది.

“గిది మీది సారూ. లోపట పెట్టిపియ్యుండ్రి” అంది వీరమ్మ, మూటలు గుమ్మంలోకి జరుపుతూ.

దేవప్రసాద్ రెండడుగులు వెనక్కి వేశాడు. తానేమీ అడగలేదని, తీసుకుపొమ్మని, దండం పెడతానని బతిమాలాడు. వీరమ్మ కదల్లేదు.

“అడుగుతరా ఏంది సారూ. మనకే సమజ్ కావాలె. మీది నేను తింటె నాకు అరుగుతదా?”

అంతలో బాలరాజు మెట్లమీదనుంచి పరుగెత్తుకొచ్చాడు. “సార్, ఈపారి కోఠే.”

మూటలు బీరువా వెనక్కి పోయాయి. పుంజు బల్ల కిందికి పోయింది, దానిమీద చెత్తబుట్ట బోర్లా పడింది. వీరమ్మని మూల బెంచీమీద కూచోబెట్టి, దేవప్రసాద్ పెదవులమీద వేలు పెట్టి చూపించాడు.

రాధాకృష్ణమూర్తి వచ్చి కూర్చున్నారు. చల్లగా మాట్లాడే మనిషి. ఆ చల్లదనానికే దేవప్రసాద్‌కి చెమటలు. మూర్తిగారు ఒక ప్రశ్న వేస్తే ఈయన రెండు జవాబులు చెబుతున్నాడు, కూర్చున్నచోటే నాలుగు దిక్కులకీ కదులుతున్నాడు. కింద చెత్తబుట్ట కూడా కదిలింది. మెల్లిగా మూర్తిగారి వైపు నడవసాగింది. దేవప్రసాద్ బూటుతో దాన్ని తొక్కిపట్టాడు. ఆయన ధైర్యం పుంజుకునేలోగా పుంజు కూసింది.

“ఏమిటది?”

“రైలు కూత సార్. నాంపల్లి స్టేషన్ పక్కనే కదా.”

“నాంపల్లిలో రైళ్లు కొక్కొరొకో అంటాయా?”

మూర్తిగారు వంగి బుట్ట ఎత్తారు. పుంజు బయటికొచ్చి రెక్కలు దులుపుకుంది. తరువాత బీరువా వెనక మూటలు కూడా బయటికొచ్చాయి. ఒకటి విప్పితే ఆముదాలు, రెండోది విప్పితే కంది. దేవప్రసాద్ మొహమూ కందింది. ఆఫీసు ఆఫీసంతా గుమ్మం దగ్గర మూగింది.

మూర్తిగారు వీరమ్మవైపు తిరిగారు. “భయపడకమ్మా. ఈయన నీకేం పని చేసిపెట్టాడని ఇవన్నీ తెచ్చావు?”

“ఏం పని సారూ, ఒక్క పూట గూడ చెయ్యలే. గదే గద నా బాధ.”

గుమ్మంలో నవ్వులు. దేవప్రసాద్ కళ్లు మూసుకున్నాడు.

“పోయినేడు గీ సారు మా ఊరికొచ్చి, ‘వీరమ్మా, నష్టమొస్తె మాది’ అన్నడు. నష్టం మీదైతె లాభం నేనొక్కదాన్నే మింగుతనా? గట్ల మింగితె మా దిక్కు మళ్ల పొత్తుకు ఎవ్వడు రాడు. జొన్న పిట్టలు తినె, పెసర వానకు మురిగె. గని కంది మంచిగ కాసె, ఆముదాలు గూడ వచ్చె. అన్ని కలుపుకుంటె నష్టం లేదు. అందుకే మీ కంపెనీ పాలు తీసి పెట్టిన. రెండు పుంజులల్ల గిదొకటి మీది.”

మేనేజరు లంచం మేయలేదు, కంపెనీకి చేలో పొత్తు కుదిరింది. అది అందరికీ ఒక్కసారే అర్థమైంది. ముందు మూర్తిగారు నవ్వారు, ఆపైన గోడలు కూడా నవ్వాయి. విచారణ ముగిసిందని ఆయన దేవప్రసాద్ భుజం తట్టారు. బీమా అంటే పొత్తు కాదని వీరమ్మకి చెప్పబోయి, ఆమె మొహం చూసి మనసొప్పక, “మా పాలు మాకు ముట్టిందమ్మా” అన్నారు.

వీరమ్మ మొహం వెలిగింది. కొంగు నడుముకు చుట్టి లేచి, గుమ్మంలో నిలబడ్డవాళ్లని ఒక్కొక్కళ్లనే పైనుంచి కిందికి చూసింది.

“సంతోషం. నిరుడంత పొత్తోళ్లు ఒక్కరు తొంగిచూడలే, కలుపంత నేనొక్కదాన్నే తీసిన. సోమారం పొద్దుగాల్నే అందరు రాండ్రి, కొడవండ్లు నేనిస్త. కోఠి సారూ, మీరు జర పాత బట్టలు ఏసుకరాండ్రి.”