రుకమా కుండ

టీ మళ్ళీ విరిగింది.

"మూడోసారి అత్తయ్యా! మీ బావినీళ్ళు చూస్తే పాలకి కూడా ఏడుపొస్తోంది" అంటూ గిన్నె దించింది రుకమా. పెళ్ళయి పది రోజులే. కాలువ పక్క ఊళ్ళో పుట్టిన పిల్ల. ఈ ఉప్పునీళ్ళు గుక్కెడు కూడా తాగలేకపోతోంది.

"నలభై ఏళ్ళుగా ఇవే తాగుతున్నా. చచ్చానా?" అంది అత్త హంజా.

"హోలీకి తమ్ముడొస్తాడు. అప్పటికీ ఇలాగే ఉంటే వాడి వెంట వెళ్ళిపోతా. మళ్ళీ రాను."

హంజా కొడుకు లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఇంట్లో పలకరించే మనిషి వచ్చిందన్న సంబరం పది రోజులైనా నిలవలేదు.

ఆ వారమే గోధుమల ఆఫీసరు దేవడా వచ్చి వాకిట్లో రెండు వరసల కుండీలు పెట్టించాడు. అన్నింట్లోనూ హంజా ఇంటి పాత ఎర్రగోధుమే.

"ఈ వరసకి మీ బావినీళ్ళు. ఆ వరసకి మేం పంపే మంచినీళ్ళు. సోమవారం సోమవారం డబ్బాలొస్తాయి. మీ గోధుమ ఉప్పుకి ఎంత ఓర్చుకుంటుందో తేలాలి."

"ఓర్చుకోక చస్తుందా?"

"ఊరికే కాదమ్మా. ఉప్పుని చాలామటుకు వేళ్ళ దగ్గరే ఆపేస్తుంది. ఆకుదాకా రానివ్వదు."

"విన్నావుటే?" అంది హంజా కోడలితో. "గడ్డిమొక్కకున్న పాటి ఓర్పు నీకు లేదూ?"

ఆ సోమవారం హంజా పాలీ ఊరి సంత నుంచి కొత్త కుండ మోసుకొచ్చింది. "కొత్తమట్టి ఉప్పు పీల్చేస్తుంది. ఇది నీ ఒక్కదానిదే. నింపేది నేను. టీ కూడా ఇందులోవే పెట్టుకో. అలవాటు కాకపోతే అడుగు."

నిజంగానే అలవాటైంది! మొదట్లో నాలిక్కి కాస్త ఉప్పు తగిలినట్టనిపించేది. పోను పోను అదీ తెలియలేదు. టీ విరగడం మానేసింది. హోలీకి తమ్ముడొస్తే, "మీ కాలువనీళ్ళ గొప్ప మీ దగ్గరే ఉంచుకో. నేనిక్కడి మనిషినిరా" అని మిఠాయి చేతిలో పెట్టి పంపేసింది రుకమా. హంజా తలమీది ఓఢ్నీ చెంగుతో కళ్ళొత్తుకుంది.

కోతలకి దేవడా వచ్చాడు. కొలిచాడు, లెక్కపెట్టాడు, మళ్ళీ కొలిచాడు. రెండు వరసలూ ఒకే ఎత్తు, ఒకే కంకి.

"అమ్మా, మంచినీళ్ళు సరిగ్గా వాడావా?"

"డబ్బాలో చుక్క మిగల్చలేదు బాబూ. ఒట్టు."

"అయితే అద్భుతం! మంచినీళ్ళకీ ఉప్పునీళ్ళకీ తేడాయే లేని గోధుమ! నా సర్వీసులో చూళ్ళేదు." ఎండలో కొలిచి కొలిచి ఆయనకి దాహమేసింది. "కాసిని నీళ్ళిస్తారా?"

రుకమా ముసుగు సవరించుకుని, తన కుండలో చెంబు ముంచింది.

"ఒసే, ఆ కుండ వద్దే!" హంజా గబుక్కున లేచింది.

"పోనీండి అత్తయ్యా, సారునీ మన బావి రుచి చూడనివ్వండి. ఉప్పే సారూ, మాకు అలవాటైపోయింది."

దేవడా గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. ఖాళీ చెంబు వైపు చూశాడు, కుండీల వైపు చూశాడు, తల దించుకున్న హంజా వైపు చూశాడు.

"ఇవి మా డబ్బా నీళ్ళు కదమ్మా!"