తాన్ పిన్ని ఇంగ్లీషు పాఠం

తలుపు కొట్టినప్పుడు తాన్ పిన్ని ముందు ఇంగ్లీషు పుస్తకం ఉంది. షెన్ లాన్ వెళ్ళి తలుపు తీసే సమయానికి పిన్ని చేతిలో గరిటె ఉంది.

వచ్చినాయన పేరు క్వాంగ్. తనిఖీ అధికారి. వూహాన్‌లో ఇళ్ళల్లో దొంగచాటుగా ట్యూషన్లు చెప్పేవాళ్ళని పట్టుకోవడం ఆయన పని. బడి పిల్లలకి ట్యూషన్లు నిషేధించాక టీచర్లు వంటమనుషులుగా, ఆయాలుగా ఇళ్ళల్లో చేరిపోయారు. పనివాళ్ళని పంపే ఏజెన్సీ ఇచ్చే కాగితంలో అందరికీ వంటమనిషి అనే రాస్తారు. అసలు సంగతి తల్లులు అడగరు, ఏజెన్సీ చెప్పదు.

షెన్ లాన్ కూడా అడగలేదు. సెప్టెంబరులో తాన్ పిన్ని వచ్చిన మొదటి రోజే ఆమెతో మెల్లగా చెప్పింది. వంటింటి జోలికి వెళ్ళొద్దు, పిల్ల పక్కన కూర్చుంటే చాలు, ఎవరైనా అడిగితే మాత్రం వంటమనిషినని చెప్పండి అని. తాన్ పిన్ని తలూపింది. మనిషి మితభాషి. షెన్ లాన్ ఆమెని అక్కా అనే పిలిచింది, పొరపాటున కూడా టీచరనలేదు. పక్క ఫ్లాట్ గోడ బాగా పల్చన.

అప్పటికి కూతురు యావ్‌యావ్‌కి ఇంగ్లీషులో నూటఇరవైకి యాభై ఎనిమిది. జూన్‌లో పెద్ద పరీక్ష. అందులో వెనకబడితే హైస్కూల్లో సీటు రాదు.

తాన్ పిన్ని పద్ధతే వేరు. అంతా పిల్లచేతే చెప్పిస్తుంది. షెన్ లాన్ నారింజలు ఒలిచే నెపంతో తలుపు పక్కన నిలబడి వినేది.

"నిన్న అని ముందే చెప్పాంగా. మళ్ళీ 'వెళ్ళు' అన్న మాటని మార్చడం దేనికి? చైనీసులో మనం మారుస్తామా?"

"మనం మార్చం పిన్నీ. వాళ్ళు మారుస్తారు."

"ఎందుకు?"

యావ్‌యావ్ ఇరవై నిమిషాలు చెప్పింది.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

రెండోసారి పది నిమిషాల్లో చెప్పింది. మూడోసారి రెండే వాక్యాల్లో చెప్పింది. అప్పుడు తాన్ పిన్ని "ఓహో" అంది. తలుపు బయట షెన్ లాన్ కూడా మనసులో ఓహో అనుకుంది.

పదాలు చీటీల మీద రాసి గోడంతా అంటించారు. పిన్ని చెయ్యి చూపిస్తే పిల్ల పలకాలి. "నిన్న ఇలా అనలేదే" అనేది పిన్ని. యావ్‌యావ్ నిఘంటువు తీసేది. నిన్నటిదే సరైనదని తేలేది.

ఇక చదివి జవాబులు రాసే పాఠాలు. ఒకరోజు లైట్‌హౌస్ కాపలా ముసలాయన కథ వచ్చింది. యావ్‌యావ్ దాన్ని చదివి, మొత్తం చైనీసులో చెప్పాలి. ముసలాయన తమ్ముడి ఉత్తరానికి కోపంతో జవాబు రాయలేదని చెప్పింది.

"కోపమని అందులో ఉందా, నువ్వు కల్పించావా?"

యావ్‌యావ్ మళ్ళీ మొదటినుంచీ చదివింది. కోపం ఎక్కడా లేదు. రబ్బరు తీసుకుని జవాబు మార్చింది.

యాభై ఎనిమిది డెబ్భై ఒకటయింది. డిసెంబరుకి తొంభై నాలుగయింది. అసలైన పండితులు డాంబికం చూపించరని షెన్ లాన్ నిశ్చయించుకుంది. ఈవిడ తప్పకుండా విదేశాల్లో చదివి వచ్చుంటుంది.

ఇప్పుడు క్వాంగ్ ఆ గోడ మీది చీటీల్ని చూస్తున్నాడు. తర్వాత తాన్ పిన్నిని చూశాడు.

"మీరు వంటమనిషా అక్కా?"

"అవును."

పోయిన వారం ఎదుటి బిల్డింగులోనూ ఒక వంటమనిషి దొరికిందట. ఆవిడ బియ్యం కడగకుండా, నీళ్ళు పోయకుండా పొయ్యి మీద పెట్టిందట. ఆ సంగతి చెప్పి, క్వాంగ్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. తనకి తొందరేమీ లేదనీ, తామరదుంపల సూప్ అయితే తాగి వెళ్తాననీ అన్నాడు.

షెన్ లాన్ లోపల్లోపల లెక్క వేసుకుంది. సూప్ చెడితే తాన్ అక్క దొరికిపోతుంది. తాన్ అక్క దొరికిపోతే తొంభై నాలుగు పోతుంది. పరీక్షకి ఇంకా ఆర్నెల్లుంది. యావ్‌యావ్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

తాన్ పిన్ని బుట్టలోంచి దుంపలు తీసి చేత్తో తూచి చూసింది. రెండింటిని పక్కన పెట్టేసింది. అవి వేపుడుకి తప్ప సూప్‌కి పనికిరావంది. మూడోదాన్ని పెద్ద ముక్కలుగా కోసి, పక్కటెముకల మాంసంతో మట్టికుండలో పెట్టి, మంట తగ్గించింది. సూప్ రెండు గంటలు ఉడికింది. కిటికీ అద్దాల నిండా ఆవిరి పట్టింది. ఇల్లంతా వాసన. అంత భయంలోనూ షెన్ లాన్‌కి నోరూరింది.

క్వాంగ్ మొదటి ముక్క కొరికాడు. దుంప వెన్నలా విడిపోయింది, సన్నటి దారాలు పెదవి దాకా సాగాయి. మూడు గిన్నెలు తాగాడు. మూడో గిన్నెకి అడగను కూడా అడగలేదు, గిన్నె చాపాడంతే.

మూతి తుడుచుకుని కాగితం తీశాడు.

"ఆఖరి ప్రశ్న. నిజం చెప్పక్కా, నీకు ఇంగ్లీషు వచ్చా?"

"అయిదో తరగతిలో బడి మానేశాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు." తాన్ పిన్ని కుండ తోముతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

ఇలాంటి సూప్ కాచే చేతికి ఇంగ్లీషు దేనికని క్వాంగ్ నవ్వి, సంతకం పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

లిఫ్ట్ కిందికి దిగిన చప్పుడు వినేదాకా షెన్ లాన్ తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత గబగబా వంటింట్లోకి వెళ్ళి, సబ్బు నురగతో ఉన్న తాన్ పిన్ని చేతులు రెండూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అధికారి ఎదుట నిలబడి, రెప్ప కూడా ఆర్పకుండా అంత పెద్ద అబద్ధం ఎలా చెప్పగలిగావక్కా?"

తాన్ పిన్ని ఆమె వైపు వింతగా చూసి, "ఏ అబద్ధమమ్మా?" అంది.