ఒప్పయితే రెండుసార్లు

అన్నయ్యా నేనూ కలిసి మా ఇద్దరికే తెలిసిన భాష ఒకటి కనిపెట్టాం. క్రియల చివర చేర్చే ప్రత్యయాలు నేను తయారుచేసి, వాక్యంలో పెట్టి చదివేదాన్ని. అన్నయ్య నోరు విప్పని మొండిఘటం. తప్పయితే బల్ల మీద ఒకసారి కొట్టేవాడు, ఒప్పయితే రెండుసార్లు.

అన్నయ్య పోయిన ఏడాదికి, ఒక రాత్రి, జరిగిపోయినదాన్ని చెప్పే చివరి ప్రత్యయం కుదిరింది. ఖాళీ ఇంట్లో మా భాషలో పైకి చదివాను: "అన్నయ్య వెళ్ళిపోయాడు."

బల్ల ఒకసారి మోగింది.

రాసుకున్నది మళ్ళీ సరిచూశాను. ప్రత్యయంలో తప్పేమీ లేదు. వాక్యం మార్చాను: "అన్నయ్య ఇక్కడే ఉన్నాడు."

రెండుసార్లు మోగింది.

"గెలిచాం అన్నయ్యా! మన భాష పూర్తయింది!" ఏడుస్తూ నవ్వుతూ అరిచాను. "ఇంక నువ్వు హాయిగా వెళ్ళొచ్చు."

బల్ల ఒక్కసారే మోగింది.