అమ్మ వేసిన చేప

వాగు ఒడ్డున ఒక లకుముకి పిట్ట చచ్చిన చేపను తెచ్చి, పిల్ల నోట్లో పెట్టకుండా నీళ్ళలో వదిలింది. ఆకలితో నకనకలాడుతున్న పిల్ల నీలి లబోదిబోమంది.

"కన్నతల్లివేనా నువ్వు? తెచ్చిన కూడు నీళ్ళపాలు చేస్తావా?" అని పక్కనున్న కొంగ ఈసడించింది.

"చచ్చిన చేప ఎక్కడికీ పారిపోదు. దూకి తెచ్చుకో బంగారం," అంది తల్లి.

కళ్ళు మూసుకుని దూకింది నీలి. గుటకెడు నీళ్ళు మింగింది గానీ, చేప దొరికింది! ఇక దాని హుషారు చూడాలి. "ఇంకోటి వెయ్యమ్మా, ఇంకోటి!"

తల్లి మరో చేపతో కొమ్మమీద వాలిందో లేదో, నీళ్ళలో ఏదో తళుక్కుమంది. నీలి బుడుంగున మునిగి తేలింది.

"అమ్మా! ఈసారి నువ్వేసిన చేప గిలగిలా కొట్టుకుంటోందే!"

అమ్మ ఎలా పలుకుతుంది? తను వేద్దామనుకున్న చేప ఇంకా ముక్కులోనే ఉంది!