తొంభై డిగ్రీల నూనె

అయస్కాంతం వేస్తే గట్టిపడాల్సిన నూనె, తొంభై డిగ్రీల దగ్గర నీళ్లలా జారుతోంది. మేనేజరు కళ్లారా చూశాడు. "చల్లగా ఉన్నప్పటి రీడింగులే విచారణకి పంపు, ఇవి చింపెయ్" అని చెప్పి, ఆ రాత్రి లిఫ్టెక్కి ఇంటికి బయలుదేరాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వేడెక్కితే పట్టు సడలే ఈ నూనెనే తెలిసి తెలిసి మా బిల్డింగు లిఫ్టు బ్రేకులో పోయించాడు. కిందటి నెల ఆ లిఫ్టు పడి మా బావ పోయాడు. దానికే రంగు కొట్టించి మళ్లీ తిప్పుతున్నాడు.

విసురుగా అయస్కాంతం స్విచ్చి కట్టేశాను. హోరు ఆగింది. నూనె ఇంకా పలచబడాలి, కానీ గిన్నెలో కలిపే గరిటె బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. బావ నా చెయ్యి పట్టుకుంటే అచ్చం ఇలాగే ఉండేది.

ఫోన్ మోగింది. "బ్రేకు పట్టేసి లిఫ్టు మధ్యలో ఆగిపోయిందయ్యా! లోపల ఉడికిపోతున్నాను, ఏదో ఒకటి చెయ్యి!" అని మేనేజరు అరుస్తున్నాడు.

గిన్నె మీదికి వంగి, "బావా, ఇక వదిలెయ్" అన్నాను.